ఆజ్ఞకై వేచిన యంత్రము

నేటి బాలుడు సెల్‌ఫోను చేతబట్టిన వెంటనే అందులో బొమ్మలు, పాటలు, ఆటలు వరుసగా కనుపించును. వ్రేలితో తాకుటయే తడవుగా కోరినది ఎదుట నిలుచును. కాని 1980వ సంవత్సర ప్రాంతమున ఇండ్లలోనికి మొదటిసారిగా ప్రవేశించిన కంప్యూటరులు ఇట్టివి కావు. వానిలో ఒకదాని మీట నొక్కినచో చిన్న ధ్వని వెలువడెడిది. నల్లని తెరపై యంత్రము పేరును, దాని క్రింద ఒక బాణపు గుర్తును, దాని ప్రక్కన మినుకుమినుకుమను ఒక గీతయు కనుపించెడివి. అంతటితో సరి. ఆపైన యంత్రము తనంత తాను ఏమియు చేయక, ఎదుట కూర్చున్నవారు ఏమి చెప్పుదురో యని వేచియుండెడిది.

అట్లు వేచియుండుటయే వేలకొలది పిల్లలకు గురువైనది. వారిలో అనేకులు నేడు ఏబది యేండ్లు దాటినవారు; పెక్కుమంది కంప్యూటరు నిపుణులుగా జీవితమును గడపినవారు. తమ విద్య ఎచ్చట మొదలైనదని తలచుకొన్నప్పుడు వారికి తరగతి గది కంటె ముందుగా ఆ మినుకుమను గీతయే జ్ఞప్తికి వచ్చును.

అంతకు పూర్వము కంప్యూటరు సామాన్యుల వస్తువు కాదు. గదులు నిండిన యంత్రములు విశ్వవిద్యాలయములందును, పెద్ద కార్యాలయములందును ఉండెడివి. వానిని నడపుటకు నిపుణులు కావలసివచ్చెడిది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్‌జ్ అను గణితాచార్యులు ఇరువురు ఈ స్థితిని మార్పదలచిరి. విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థికి సైతము కంప్యూటరును వాడుకొను శక్తి కలుగవలెనని వారి ఆశయము. వారు రూపొందించిన 'బేసిక్' అను భాష 1964 మే 1వ తేదీన తొలిసారిగా పనిచేసినది. అందలి ఆజ్ఞలు సులభమైన ఇంగ్లీషు మాటలు. 'ప్రింట్' అనగా తెరపై చూపుమని అర్థము. 'ఇఫ్' అనగా ఇట్లయినచో నని అర్థము. 'గోటూ' అనగా ఫలానా పంక్తికి పొమ్మని అర్థము. తరువాత కొన్ని ఏండ్లకు ఇంటి కంప్యూటరులు వచ్చినపుడు వానిలో పెక్కింటికి ఈ భాషయే మాతృభాష వంటిదైనది.

1977లో అమెరికాలో ఇంటి కంప్యూటరులు విరివిగా అమ్మకమునకు వచ్చెను. కాని అవి ఖరీదైనవి. బ్రిటనులో క్లైవ్ సింక్లెయిర్ అను పారిశ్రామికుడు ధరను తగ్గించుటయే ధ్యేయముగా పెట్టుకొనెను. 1981లో అతని సంస్థ అమ్మిన 'జెడ్‌ఎక్స్ 81' అను యంత్రము వెల 70 పౌనులకు మించలేదు. విడిభాగములు కొని స్వయముగా కూర్చుకొనువారికి 50 పౌనులకే లభించెడిది. 1982 ఏప్రిలులో 'స్పెక్ట్రమ్' అను రంగుల యంత్రము 125 పౌనులకు వచ్చెను. వీనికి ప్రత్యేకమైన తెర లేదు. ఇంటనున్న టెలివిజనుకే తీగ తగిలింపవలెను. కావున తండ్రి వార్తలు చూడదలచినపుడు కుమారుని కంప్యూటరు విద్య ఆగిపోయెడిది!

ఆ కాలముననే బ్రిటిషు ప్రసార సంస్థయైన బి.బి.సి. ప్రజలకు కంప్యూటరును పరిచయము చేయ సంకల్పించి, తన టెలివిజను పాఠములకు తగిన యంత్రమును వెదకుచుండెను. కేంబ్రిడ్జి నగరమందలి ఏకార్న్ అను చిన్న సంస్థకు 1981లో ఈ వార్త తెలిసెను. ఒక్క వారములో నమూనా యంత్రమును చూపవలసియుండెను. సంస్థ యజమానులలో ఒకరైన హెర్మన్ హౌజర్ ఒక చిన్న ఉపాయము పన్నెను. ఇది సాధ్యమని స్టీవ్ ఫర్బర్ అనుచున్నారని సోఫీ విల్సన్‌తోను, సాధ్యమని సోఫీ విల్సన్ అనుచున్నారని స్టీవ్ ఫర్బర్‌తోను చెప్పెను. నిజమునకు ఇరువురును ఆ మాట అనలేదు. అయినను ఒకరినిజూచి ఒకరు పూనుకొని రాత్రింబగళ్లు శ్రమించిరి. బి.బి.సి. వారు వచ్చుటకు కొన్ని గంటల ముందు యంత్రము ప్రాణము పోసుకొనెను. అదియే 'బి.బి.సి. మైక్రో'. సుమారు 12,000 యంత్రములు అమ్ముడుపోవునని బి.బి.సి. వారు మొదట తలంచిరి. చివరకు పదునైదు లక్షల వరకు అమ్ముడుపోయెను.

ఇట్టి యంత్రము ముందు కూర్చున్న పిల్లలు ఏమి నేర్చిరి? ఒక చిన్న ఉదాహరణమును గైకొందము. ఏడవ ఎక్కమును తెరపై చూపవలెననుకొందము. అందుకు మూడు పంక్తులు చాలును. 10వ పంక్తిలో ఒకటి మొదలు పది వరకు లెక్కింపుమని వ్రాయవలెను. 20వ పంక్తిలో ఆ సంఖ్యను ఏడుతో హెచ్చవేసి చూపుమని వ్రాయవలెను. 30వ పంక్తిలో తరువాతి సంఖ్యకు పొమ్మని వ్రాయవలెను. పిమ్మట 'రన్' అని ఆజ్ఞాపించినచో ఎక్కమంతయు రెప్పపాటులో తెరపై నిలుచును. పంక్తులకు పదేసి యెడముగా అంకెలు వేయుటలో ఒక సౌకర్యము కలదు. నడుమ ఏదేని మరచినచో 15వ పంక్తిగా దానిని చేర్పవచ్చును.

ఇపుడు 30వ పంక్తిని వ్రాయ మరచితిమనుకొందము. యంత్రము 7 అను ఒక్క అంకెను చూపి ఊరకుండును. తక్కినవి ఏమైనవి? యంత్రము చెడిపోలేదు. చెప్పినంతవరకు చేసినది, చెప్పనిదానిని ఊహింపలేదు. తప్పెచ్చటనో వెదకి సరిదిద్దుకొను భారము వ్రాసినవానిదే. ఏడుకు బదులు పదమూడు వేసినచో పదమూడవ ఎక్కము వచ్చును. పదికి బదులు ఇరువది వేసినచో ఎక్కము పొడవగును. ఎక్కమును వ్రాసి దాచుకొనుట వేరు. ఎక్కమును పుట్టించు సూత్రమును తెలిసికొనుట వేరు. ఈ భేదము గ్రహించిన బాలుడు ప్రోగ్రాము రచనకు అక్షరాభ్యాసము చేసినట్లే.

ఆ రోజులలో మాసపత్రికలు ఆటల ప్రోగ్రాములను పుటల కొలది అచ్చువేసెడివి. పిల్లలు వానిని చూచి పంక్తి వెంట పంక్తి గంటల తరబడి కొట్టెడివారు. సున్న ఉండవలసినచోట ఇంగ్లీషు అక్షరమైన 'ఓ' పడినను, ఒక్క కామా తప్పినను ఆట నడచెడిది కాదు. అపుడు అన్న చదువుచుండ తమ్ముడు తెరను సరిచూచుట, తప్పు దొరకినపుడు ఇరువురును కేకలు వేయుట అలవాటైన వినోదములు. కొన్నాళ్లకు పరుల ఆటను ఉన్నదున్నట్లు కొట్టుటతో తృప్తి తీరక, శత్రువుల వేగమును తగ్గించుట, తమ ప్రాణములను పెంచుకొనుట మొదలైన మార్పులు చేయసాగిరి. అటుపిమ్మట స్వంత ఆటలు వ్రాసిరి.

కష్టపడి కొట్టిన ప్రోగ్రాము విద్యుత్తు ఆగినచో మాయమయ్యెడిది. దానిని దాచుటకు పాటల క్యాసెట్టు ఆధారము. కంప్యూటరు లెక్కలన్నియు ఒకటి, సున్న అను రెండు గుర్తులతో జరుగును. బి.బి.సి. మైక్రో ఈ రెండింటిని హెచ్చుతగ్గులైన రెండు స్వరములుగా మార్చి టేపుపై పాడెడిది. మరల తిరిగి వినిపించినపుడు ఆ కూతలనుండి ప్రోగ్రామును గ్రహించెడిది. ఈ కీచుధ్వనులను నెదర్లాండ్సు దేశమున రేడియోలో సైతము ప్రసారము చేసిరి. శ్రోతలు వానిని క్యాసెట్టుపై పట్టుకొని తమ యంత్రములకు వినిపించిరి. ప్రోగ్రాము గాలిలో ఎగిరి ఇల్లు చేరినదన్నమాట!

ఆ యంత్రముల మెమరీ అతి స్వల్పము. జెడ్‌ఎక్స్ 81లో ఉన్నది ఒక్క కిలోబైటు, అనగా 1,024 అక్షరములకు చాలునంత చోటు. నేడు 4 గిగాబైట్ల మెమరీ గల సెల్‌ఫోను దానికి 41 లక్షల రెట్లకు మించినది. అట్టి ఇరుకులో డేవిడ్ హార్న్ అను ప్రోగ్రాము రచయిత చదరంగమాడు ప్రోగ్రామును ఇమిడ్చెను. అది 672 బైట్లలో సరిపోయినది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అను కేంబ్రిడ్జి విద్యార్థులు బి.బి.సి. మైక్రో కొరకు 'ఎలీట్' అను ఆటను రచించిరి. అందు 8 నక్షత్ర మండలములు, ఒక్కొక్కదానిలో 256 నక్షత్రములు కలవు. ఆ 2,048 నక్షత్రముల పేర్లు, వివరములు దాచుటకు 32 కిలోబైట్ల యంత్రములో చోటు లేదు. అందుచేత వారు వానిని దాచనేలేదు. వానిని పుట్టించు లెక్కను మాత్రమే దాచిరి. ఆటగాడు ఏ నక్షత్రమును చేరినను, దాని వివరములు ఆ క్షణముననే లెక్కింపబడి సిద్ధమయ్యెడివి. ఏడవ ఎక్కపు సూత్రమే ఇచ్చట ఆకాశమంత పెరిగినది.

బి.బి.సి. మైక్రోకు బేసిక్ భాషను కూర్చిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌తో కలిసి తరువాత 'ఆర్మ్' అను క్రొత్త చిప్‌ను రూపొందించిరి. దాని నమూనాను ఆ బేసిక్ భాషలోనే వ్రాసి పరీక్షించిరి. 1985 ఏప్రిలు 26న మొదటి చిప్ పనిచేసినది. నేటి సెల్‌ఫోనులలో అత్యధిక భాగము ఆ వంశమునకు చెందిన చిప్‌లతోనే నడచుచున్నవి.

మన దేశమునకును ఈ యంత్రముతో సంబంధము కలదు. 1984-85లో భారత ప్రభుత్వము 'క్లాస్' అను పథకమును ప్రారంభించి, 250 పాఠశాలలలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినది. అందుకు ఎన్నుకొనినది బి.బి.సి. మైక్రోనే.

ఈ చరిత్రలో మంచితోపాటు లోపములును కలవు. కొన్నవారందరును ప్రోగ్రాములు వ్రాయలేదు. పెక్కుమంది ఆటలతో తృప్తిపడిరి. ప్రకటనలు ముఖ్యముగా మగపిల్లలనే ఉద్దేశించినవి. అమెరికాలో 1984 ప్రాంతమున కంప్యూటరు శాస్త్ర పట్టభద్రులలో సుమారు 37 శాతము స్త్రీలు కాగా, పిమ్మట ఆ వంతు చాల తగ్గినది. ఇంటిలోని యంత్రము అన్నదమ్ముల గదికి పరిమితమగుటయు దీనికొక కారణమని పరిశీలకులు చెప్పుదురు.

కాలక్రమమున యంత్రములు శక్తిమంతములైనవి. ఏ పనికైనను ప్రోగ్రాములు సిద్ధముగా లభించినవి. వాడుట సులువైన కొలది, లోపల ఏమి జరుగునో తెలిసికొను అవసరము తగ్గినది. కంప్యూటరు శాస్త్రము చదువగోరి వచ్చు విద్యార్థుల సంఖ్యయు, వారి పూర్వపరిచయమును తగ్గినట్లు కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్ మొదలైనవారు గమనించిరి. ఎలీట్ రచయితలలో ఒకడైన బ్రేబెన్ కూడ వారితో చేరెను. పిల్లలు నిర్భయముగా విప్పి, వ్రాసి, చెరిపి నేర్చుకొనదగిన చౌక యంత్రమొకటి మరల కావలెనని వారు తలంచిరి. 2012 ఫిబ్రవరి 29న అరచేతిలో ఇమిడెడి 'రాస్ప్‌బెరీ పై' అను కంప్యూటరు 35 డాలర్లకు వెలువడినది. 2014 నుండి ఇంగ్లండు పాఠశాలలలో అయిదేండ్ల వయస్సు మొదలు ప్రోగ్రాము రచన పాఠ్యాంశమైనది.

నేడు పల్లెటూరి పాఠశాలలోని పాత కంప్యూటరు సైతము జెడ్‌ఎక్స్ 81 కంటె వేల రెట్లు శక్తి కలది. అందులో ఏడవ ఎక్కమును వ్రాయుటకు ఇప్పటికిని మూడు పంక్తులకు మించి అక్కరలేదు. భేదమేమనగా, ఆనాటి యంత్రము మొదటనే నీ ఆజ్ఞ యేమని అడిగెడిది. నేటి యంత్రము అడుగదు. ఆ ప్రశ్నను విద్యార్థి తనకు తానే వేసికొనవలెను. పిదప మొదటి పంక్తి వ్రాయవలెను. తప్పు వచ్చినచో యంత్రమును నిందింపక, మరచిన పంక్తి ఏదియో వెదకవలెను.