బోరు ఎండిన తర్వాత: ప్రతికూల ఆలోచనలు, వ్యక్తిగత మార్గదర్శనం

వంచి వదిలితే వస్తువు తిరిగి పాత ఆకారానికి వచ్చే గుణాన్ని స్థితిస్థాపకత అంటారని మీరు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. మనోవిజ్ఞానం ఈ మాటను అక్కడి నుంచే అరువు తెచ్చుకుంది. అయితే మనిషి రబ్బరు ముక్క కాదు. దెబ్బతిన్నవాడు మునుపటిలాగే తిరిగి రాడు. నష్టాన్ని మోస్తూనే రేపటి పని చేయగలగడాన్ని ఈ పాఠంలో స్థితిస్థాపకత అంటున్నాం.

మడకశిర ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2022 వరకు ఇది అనంతపురం జిల్లాలోది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగకు ఊడలు దిగే సమయంలో వాన ముఖం చాటేస్తే, తర్వాత ఎంత కురిసినా ఆ పంట కోలుకోదు. అగళి, రొళ్ల, అమరాపురం వైపు వక్క తోటలు బోరు నీటినే నమ్ముకున్నవి. వక్క కాపుకు రావడానికే అయిదారేళ్లు పడుతుంది. బోరు ఎండితే పోయేది ఒక పంట కాదు, అన్నేళ్ల చాకిరీ.

అలాంటి తోట ఉన్న ఒక రైతును ఊహించుకోండి. మూడో బోరులోనూ నీళ్లు పడలేదు. "నాది దరిద్రపు చెయ్యి. నేనేం పట్టినా ఇంతే. ఇంక బాగుపడేది లేదు" అంటాడు. నీళ్లు పడకపోవడం వాస్తవం. "దరిద్రపు చెయ్యి" తనపై తానే ఇచ్చుకున్న తీర్పు. "ఇంక బాగుపడేది లేదు" జోస్యం. కుంగుబాటులో ఉన్నవారి ఆలోచనలు తమ గురించి, లోకం గురించి, భవిష్యత్తు గురించి ఇలాగే చీకటిగా ఉంటాయని అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో వివరించాడు. ఆ మనిషికి మాత్రం వాస్తవం, తీర్పు, జోస్యం మూడూ ఒకటే మాటగా వినిపిస్తాయి.

మార్గదర్శి పని వాటిని విడదీయడం. "ధైర్యంగా ఉండు, అంతా మంచే జరుగుతుంది" అనడం మార్గదర్శనం కాదు. అప్పు ఎంతుందో ఆ రైతుకు తెలుసు. ప్రశ్న అడగాలి.

"పక్క తోట బోరు కూడా ఎండింది కదన్నా, అదీ నీ చేతివల్లేనా?"

"లేదప్పా. ఈ తడవ ఈ వైపు బోర్లన్నీ ఎండిపోయినాయి."

నష్టం అలాగే ఉంది. తీర్పు మాత్రం కాస్త సడలింది. ఇప్పుడు ఒక చిన్న పని అప్పగించవచ్చు: ఎవరికెంత ఇవ్వాలి, వడ్డీ ఎంత అన్నది ఒక కాగితం మీద రాయడం. లెక్క తేలని అప్పు లెక్క తేలిన అప్పుకన్నా ఎక్కువ భయపెడుతుంది. అయినా ఆ కాగితం ముందు మనిషిని ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చోండి.

ఇందుకు పెద్ద చదువులే కావాలా? గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం జరిగింది. మానసిక వైద్యంలో పూర్వానుభవం లేనివారికి శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్నవారితో కొన్ని వారాలపాటు మాట్లాడించారు. ఆలోచన మారేదాకా ఆగకుండా చిన్న పనులతో మొదలుపెట్టించడం వారి పద్ధతి. మూడు నెలలకు వారి సాయం పొందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు; మామూలు వైద్య సేవ మాత్రమే అందినవారిలో 39 శాతం. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

మార్గదర్శనం బోరులోకి నీళ్లు తేలేదు, అప్పు మాఫీ చేయలేదు. "నేను లేకపోతేనే వీళ్లకు మేలు" అన్న మాట వినిపిస్తే ప్రశ్నలతో వాదించకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు అందుబాటులో లేకుండా చేయండి, వైద్యుని దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

అభ్యాసం: ఈ వారం మిమ్మల్ని బాధపెట్టిన ఒక సంఘటన తీసుకోండి. కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు జరిగింది మాత్రమే రాయండి. మీకు మీరు చెప్పుకున్నది కుడివైపు రాయండి. మీ అధ్యయన కేంద్రంలో నమ్మకమైన సహాధ్యాయికి ఎడమవైపు మాత్రమే చూపించి, వారైతే కుడివైపు ఏం రాసేవారో అడగండి.