ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తెలియదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

మొయినాబాద్‌లో మా పెద్దనాన్నకు పాలీహౌస్ ఉండేది. జర్బెరా పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పంపేవారు. ఎవరికి ఎన్ని కట్టలు వేశారు, ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది... అన్నీ పాత విండోస్ 10 ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌లో రాసుకునేవారు. ఆయన ఉన్నట్టుండి పోయారు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు.

"గా లెక్కలన్నీ దాంట్లనే ఉన్నయ్ బిడ్డా, జర తీసియ్యి" అని పెద్దమ్మ ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టింది. అప్పటికే ఒక షాపులో అడిగితే "ఫార్మాట్ కొడ్తే పాస్‌వర్డ్ పోతది" అన్నారట. నిజమే, పోతుంది. దాంతోపాటు లెక్కలూ పోతాయి. ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఫార్మాట్ అయ్యాక ఫైల్స్ వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. అందుకే ముందు ఆ పని ఆపించా.

తాళం దేనికి పడింది?

మనం కొట్టే పాస్‌వర్డ్ అకౌంట్‌కి తాళం, ఫైల్స్‌కి కాదు. గేటు దగ్గర వాచ్‌మన్‌లా విండోస్ మనల్ని ఆపుతుంది. విండోస్ అసలు ఆన్ కాకపోతే ఆపేవాళ్లే ఉండరు. కానీ డిస్క్‌కి బిట్‌లాకర్ లేదా డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే అది నిజమైన తాళం. దానికి 48 అంకెల రికవరీ కీ కావాల్సిందే.

మొదట సులువైన దారి

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే సిస్టమ్ అయితే, ఆ అకౌంట్‌కి ఇచ్చిన ఫోన్ నంబర్ లేదా మెయిల్ మీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్ ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. లోకల్ అకౌంట్ అయితే తప్పు పాస్‌వర్డ్ కొట్టగానే రీసెట్ ఆప్షన్ వస్తుంది, ముందే పెట్టుకున్న 3 సెక్యూరిటీ ప్రశ్నలు అడుగుతుంది.

మాది లోకల్ అకౌంటే. మొదటి పెంపుడు జంతువు పేరేంటి అని అడిగింది. "మనింట్ల కుక్కనెప్పుడు సాదినం రా?" అంది పెద్దమ్మ. పుట్టిన ఊరు తెలుసు గానీ, ఆయన ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఏం కొట్టారో ఎవరికి తెలుసు? ఆ దారి మూసుకుపోయింది.

పని చేసిన దారి

1. లాగిన్ స్క్రీన్‌లోనే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు.

2. ఇంకో కంప్యూటర్‌లో ఉబుంటు డౌన్‌లోడ్ చేసి, రూఫస్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి.

3. పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బూట్ మెనూ తెరవండి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ కీ ఉంటుంది.

4. "ట్రై ఉబుంటు" మాత్రమే ఎంచుకోండి. "ఇన్‌స్టాల్" నొక్కితే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు.

5. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డ్రైవ్ తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌లో ఆ పేరున్న ఫోల్డర్‌కి వెళ్లండి. కావాల్సినవి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కట్ చేయొద్దు. డ్రైవ్ తెరవగానే కీ అడిగితే ఎన్‌క్రిప్షన్ ఉన్నట్టే. మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లో డివైజెస్ దగ్గర రికవరీ కీ సేవ్ అయి ఉందేమో చూడండి.

6. కాపీ అయిన ఫైల్స్ వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశాకే పాత ల్యాప్‌టాప్ సంగతి ఆలోచించండి.

మాకు ఎన్‌క్రిప్షన్ లేదు. డాక్యుమెంట్స్‌లో ఎక్సెల్ షీట్ అలాగే ఉంది. పేరు పేరునా బాకీలు, చివర్లో ఇంకా నింపని రెండు వరుసలు. పక్క ఫోల్డర్‌లో పాలీహౌస్‌లో తీసిన ఒక వీడియో ఉంది. పైపు ఎక్కడ లీకవుతోందో ఆయన ఎవరికో చూపిస్తూ మాట్లాడుతున్నారు. పెద్దమ్మ లెక్కలు పక్కన పెట్టేసి అదే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

ఇంకో వైపు కూడా చూడండి

ఇది నాకు గంటలో అయిపోయిందంటే, మీ ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లినవాడికీ గంట పనే. కాబట్టి ఇలాంటిది మీ సొంత సిస్టమ్‌లోనో, ఇంటివాళ్లు అడిగితేనో మాత్రమే చేయండి. మీ సిస్టమ్‌లో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంచండి. విండోస్ 11 24హెచ్2తో వస్తున్న కొత్త ల్యాప్‌టాప్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలావరకు అదే ఆన్ అయిపోతుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. కీ లేకపోతే పైన చెప్పిన దారి పనిచేయదు, నేనే కాదు ఎవరూ తీయలేరు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, నా ల్యాప్‌టాప్ రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పట్టాదారు పాస్‌బుక్ పక్కన పెట్టడం. ఎక్కడుందో అమ్మకి చూపించా. మీరూ ఈరోజే ఇంట్లో ఒకరికి చూపించండి.