తాతగారి తొమ్మిది, మనుమరాలి ఎనిమిది

గుడివాడ దగ్గరి ఒక పల్లెలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక యింటి అరుగు మీద కూర్చున్నాము. ఆ యింటి అమ్మాయి గ్రహాల పేర్లు వరుసగా అప్పజెప్పి నెప్ట్యూన్‌తో ఆగింది.

"ప్లూటో ఏదమ్మా?" అన్నారు తాతగారు.

"అది గ్రహం కాదు తాతయ్యా. మా టీచరుగారు చెప్పారు."

"అయితే మా మాస్టారు మాకు అబద్ధం చెప్పారా?" అని పెద్దాయన నొచ్చుకొన్నారు.

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదని మేము చెప్పాము. ప్లూటోను 1930లో కనుగొన్నారు. 2006 వరకు అది పాఠ్యపుస్తకాలలో తొమ్మిదవ గ్రహమే. అయితే 2005లో దాదాపు ప్లూటో అంతే ఉన్న ఎరిస్ కనబడినది. దీనిని పదవ గ్రహమనాలా? రేపు ఇలాంటివి ఇంకా దొరికితే? ఈ చిక్కు తీర్చుటకు 2006 ఆగస్టు 24న ప్రేగ్ నగరములో కూడిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, గ్రహానికి మూడు గురుతులు ఏర్పరచింది.

మొదటిది, అది సూర్యుని చుట్టు తిరగాలి. చంద్రుడు భూమి చుట్టు తిరుగుతాడు గనుక ఈ లెక్కలోకి రాడు. రెండవది, తన బరువుకు తానే గుండ్రమయ్యేటంత పెద్దదిగా ఉండాలి. చిన్న శకలాలు దుంపలవలె వంకరగానే ఉండిపోతాయి. మూడవది, తన దారిలోని ఇతర శకలాలను తొలగించుకొని యుండాలి.

దివిసీమ కాలువలు ఎరిగినవారికి ఈ మూడవది సులువుగా తెలుస్తుంది. గుర్రపుడెక్క పట్టిన కాలువలో పెద్ద పడవ నడిస్తే దారి తేటపడుతుంది. చిన్న దోనె డెక్క నడుమనే సాగాలి. భూమి, గురుడు పెద్ద పడవలు. ప్లూటో దోనె. దాని అడ్డుకొలత సుమారు 2,377 కిలోమీటర్లు, అనగా మన చంద్రునికంటె చిన్నది. మొదటి రెండు గురుతులు ఉండి మూడవది లేనందున దానిని మరుగుజ్జు గ్రహమన్నారు. ఈ మూడవ గురుతును ఒప్పుకొనని శాస్త్రజ్ఞులు నేటికీ కొందరున్నారు.

ఇట్టి మార్పు ఇది మొదటిసారి కాదు. 1801లో కనుగొన్న సెరిస్‌ను కూడ తొలుత గ్రహమనే అన్నారు. తరువాత అంగారకునికి, గురునికి నడుమ అలాంటివి మరెన్నో కనబడగా గ్రహశకలాలలో చేర్చారు. వాటిలో 'ఆసియా' అను దానిని 1861లో మద్రాసు నుండి కనిపెట్టిన నార్మన్ పోగ్సన్, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మన మచిలీపట్నం వచ్చినవాడే. గుండ్రముగా ఉన్న సెరిస్ 2006లో మరుగుజ్జు గ్రహమైంది.

మారినది మన లెక్క మాత్రమే. ప్లూటో ఎప్పటివలెనే 248 ఏండ్లకు ఒకసారి సూర్యుని చుట్టి వస్తున్నది. తమకు తెలిసినంతవరకు నిజం చెప్పిన మాస్టారు అబద్ధికులు కారు. కొత్తది నేర్చిన పిల్ల పెద్దలను ఎదిరించినట్లూ కాదు.

తాతగారు కాసేపు ఊరకుండి, "మళ్లీ చెప్పమ్మా" అన్నారు. ఈసారి ఆయనే వేళ్లు మడుస్తూ ఎనిమిది దగ్గర ఆగారు.