ఈ వారం ఎవరు మిగులుతారు? పాటల పోటీలో కనబడని జల్లెడలు

2023 ఎండాకాలంలో పరిశోధన పని మీద సిద్దిపేట దగ్గరి ఒక ఊళ్ళో, ఎస్సీ కాలనీలో ఉన్నాం. రాత్రి అన్నాలయ్యాక ఏడెనిమిది మంది ఒకే ఫోన్ చుట్టూ చేరి ‘తెలుగు ఇండియన్ ఐడల్’ చూసేవాళ్ళు. చూస్తూ చూస్తూ ఒక ఆట మొదలైంది. ఈ వారం ఎవరు బయటికి పోతారో ముందే చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. తప్పు చెప్పినవాళ్ళు మిగతావాళ్ళకు చాయ్ పోయించాలి. సంగీతం కాస్తో కూస్తో తెలుసనుకున్న మేము శ్రుతి తప్పినవాళ్ళ పేర్లు రాసి, వరసగా చాయ్‌లు పోయించాం. అందరికంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్పింది బీడీలు చుట్టే ఒక అవ్వ.

“ఎట్ల చెప్తున్నవ్ అవ్వా?” అని అడిగాం.

“పాట ఇని చెప్తలేను బిడ్డా. ఎవరెనుక ఎంతమంది ఉన్నరో సూస్తున్న” అంది.

అవ్వ చీటీలకు దొరికిన ఈ రహస్యాన్నే ఇతర దేశాల్లో పరిశోధకులు కంప్యూటర్లతో పట్టుకున్నారు. ఆ లెక్క ఏమిటో తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే ఏటా మన వాడల నుంచి కూడా పిల్లలు ఈ పోటీల కోసం హైదరాబాద్ బస్సు ఎక్కుతున్నారు. తిరిగొచ్చాక “నా గొంతు బాగాలేదేమో” అనుకుంటున్నారు. తప్పు నిజంగా గొంతుదేనా?

మొదట ఒక చిన్న లెక్క

పోటీలో 12 మంది ఉన్నారు, ఈ వారం ఒకరు వెళ్ళిపోతారు అనుకుందాం. ఏమీ చూడకుండా, ఏమీ వినకుండా 12 మంది గురించీ “ఉంటారు” అని చెప్పండి. మీరు చెప్పినవాటిలో 11 నిజమవుతాయి. అంటే దాదాపు 92 శాతం! అందుకే “మా అంచనాలు తొంభై శాతం నిజమయ్యాయి” అని ఎవరైనా యూట్యూబ్‌లో చెప్తే మురిసిపోనక్కర్లేదు. పోయే ఆ ఒక్కరి పేరు చెప్పగలిగారా లేదా అన్నదే అసలు పరీక్ష.

దానికి ఉపయోగపడే గుర్తులు కొన్ని ఉన్నాయి. గత వారం చివరి ముగ్గురిలో నిలబడినవాళ్ళకు ఈ వారం కూడా ప్రమాదం ఉంటుంది. ఒకే ప్రాంతం వాళ్ళు లేదా ఒకే తరహా పాటలు పాడేవాళ్ళు ఇద్దరుంటే ఓట్లు చీలుతాయి. వాళ్ళలో ఒకరు వెళ్ళిపోగానే రెండోవాళ్ళ బలం పెరుగుతుంది. “ఆమె ఎట్లయినా గెలుస్తది” అని అందరూ నిశ్చింతగా కూర్చున్న వారమే ఆమెకు గండం.

ఎప్పుడు పాడారు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లయొనెల్ పేజ్, కేటీ పేజ్ అనే పరిశోధకులు పలు దేశాల ‘ఐడల్’ పోటీలను పరిశీలించి 2010లో ఒక విషయం బయటపెట్టారు. కార్యక్రమం చివర్లో పాడినవాళ్ళు మొదట్లో పాడినవాళ్ళ కంటే తర్వాతి వారానికి ఎక్కువగా మిగులుతున్నారు. ఓటు వేసే సమయానికి జనం చెవుల్లో మెదిలేది చివరి పాటలే కదా! యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పోటీలో కూడా ఇలాంటి ధోరణే కనిపించింది. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వరస పెట్టేది నిర్మాతలు. మొదటి జల్లెడ వాళ్ళ చేతిలోనే ఉంది.

చప్పట్లు వేరు, ఓటు వేరు

2012లో ‘అమెరికన్ ఐడల్’ చివరి పోటీ ఫిలిప్ ఫిలిప్స్, జెస్సికా శాంచెజ్ మధ్య జరిగింది. ట్విటర్‌లో ఎవరి గురించి ఎంత మాట్లాడుతున్నారో లెక్కపెట్టి ఫలితం చెప్పాలని కొందరు శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. అక్కడ వాళ్ళకు ఒక చిక్కు ఎదురైంది. జెస్సికా తల్లిది ఫిలిప్పీన్స్ మూలం. ఆ దేశం నుంచి ఆమె పేరు మీద పెద్ద ఎత్తున ట్వీట్లు వచ్చాయి. కానీ ఓటు హక్కు అమెరికాలో ఉన్నవాళ్ళకే. అమెరికా లోపలి ట్వీట్లను విడిగా చూస్తే ఫిలిప్ ముందున్నాడు. గెలిచింది కూడా అతనే. ఎంతమంది ఇష్టపడుతున్నారని కాదు, ఇష్టపడేవాళ్ళలో ఓటు వేయగలిగినవాళ్ళు ఎంతమంది అని చూడాలి.

ఇదే అమెరికన్ ఐడల్ విషయంలో ‘డయల్ ఐడల్’ అనే వెబ్‌సైట్ అంతకుముందే ఇంకో ఉపాయం పట్టింది. ఏ గాయకుడి నంబర్ ఎక్కువసేపు ఎంగేజ్ వస్తోందో కొలిచి, దాన్నిబట్టి ఎవరికి ఓట్లు పడుతున్నాయో చెప్పేది. మనుషుల అభిప్రాయం అడగలేదు, ఫోన్ లైన్‌ను అడిగింది!

మన దగ్గరి ఉదాహరణ విశాఖపట్నం అమ్మాయి షణ్ముఖప్రియ. 2021లో ‘ఇండియన్ ఐడల్’ 12వ సీజన్ నడుస్తుండగా సోషల్ మీడియాలో ఆమెను విపరీతంగా ట్రోల్ చేశారు, తీసెయ్యమని డిమాండ్లు పెట్టారు. ఆ గోల చూసి అంచనా వేసినవాళ్ళు తప్పారు. ఆమె ఆఖరి ఆరుగురిలో నిలిచింది. తిట్టేవాళ్ళ గొంతు పెద్దది కావచ్చు, కానీ తిట్టుకు ఓటు విలువ లేదు. ఈ పోటీలో వ్యతిరేక ఓటు అనేదే ఉండదు.

ఒక కొండ ప్రాంతం ఓటు వేసినప్పుడు

వెనుక ఉన్న మంది ఫలితాన్ని ఎట్లా మారుస్తారో మన దేశంలో అందరికీ చూపించింది 2007 నాటి ఇండియన్ ఐడల్ మూడో సీజన్. డార్జిలింగ్ వాడైన ప్రశాంత్ తమాంగ్ కోల్‌కతా పోలీసు శాఖలో కానిస్టేబుల్. చివరి పోటీలో అతని ఎదుట ఉన్నది షిల్లాంగ్ గాయకుడు అమిత్ పాల్. డార్జిలింగ్ కొండల్లో జనం చందాలు పోగేశారు, ఫోన్ బూత్‌ల దగ్గర వరసలు కట్టి ఓట్లు వేశారు. తమాంగ్ గెలిచాడు. ఆ వెంటనే ఢిల్లీలో ఒక రేడియో వ్యాఖ్యాత నేపాలీలంటే కాపలాదారులేనన్న అర్థంలో వెటకారం చేయడంతో సిలిగురిలో అల్లర్లు చెలరేగాయి. ఓట్ల ప్రచారాన్ని నడిపించిన బిమల్ గురుంగ్ ఆ అక్టోబర్‌లోనే గూర్ఖా జనముక్తి మోర్చా పెట్టాడు. పాట కోసం చేరిన జనం రాజకీయ పార్టీ అయ్యారు.

వాళ్ళు ఓటు వేసింది స్వరాలకు మాత్రమే కాదు. దశాబ్దాలుగా తమను గూర్ఖా అంటే కాపలాదారు అని చూసే దేశానికి “మాలో గాయకుడు కూడా ఉన్నాడు” అని చెప్పడానికి వేశారు. 2009లో త్రిపుర అమ్మాయి సౌరభీ దేబ్‌బర్మ ఇండియన్ ఐడల్ గెలిచిన తొలి మహిళ అయింది. హిందీ పోటీలో తెలుగువాళ్ళు గెలవరన్న అంచనాను 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ తప్పని తేల్చారు. అంతకుముందు 2006లో కారుణ్య చివరి మెట్టు దాకా వెళ్ళి ఆగాడు. ప్రాంతం, భాష, జాతి పేరు మీద ఓటు కదులుతుందని ఇవన్నీ చెప్తున్నాయి.

మరి మన పేరు మీద?

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్సీలు 15 శాతానికి పైనే. లెక్కలో చూస్తే ఏ పోటీనైనా మలుపు తిప్పగల సంఖ్య ఇది. కానీ ఆ సంఖ్య పాటల పోటీలో ఓటుగా మారడం మాకు కనబడలేదు. కారణాలు రెండు.

ఒకటి, బుల్లితెర పేదరికాన్ని చూపిస్తుంది, కులాన్ని చూపించదు. 2020లో ఇండియన్ ఐడల్ 11వ సీజన్ గెలిచిన సన్నీ హిందుస్తానీ బఠిండాలో బూట్లు పాలిష్ చేసి బతికినవాడు. ఆ కష్టం దేశమంతా చూసి కళ్ళు తుడుచుకుంది. అయితే బూట్ పాలిష్ అనే పని ఈ దేశంలో ఎవరి చేతికి, ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఆ కన్నీళ్ళలో ఎక్కడా వినబడలేదు. కష్టాల కథ ఓట్లు తెస్తుంది. ఆ కష్టానికి కారణం చెప్పే కథకు మాత్రం తెర మీద చోటు దొరకదు. “మా ఊరివాడు”, “మా జిల్లా బిడ్డ” అని ఫ్లెక్సీ కట్టొచ్చు. “మా మాదిగ బిడ్డ” అని కడితే మిగతా ఓట్లు పోతాయన్న భయం పాడే పిల్లలకు ఉంటుంది, వాళ్ళ తల్లిదండ్రులకు ఇంకా ఎక్కువ ఉంటుంది.

రెండు, ఫోన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. ఒకప్పుడు ఈ ఓటుకు మామూలు ఎస్సెమ్మెస్ కంటే ఎక్కువ ఖర్చయ్యేది. ఇప్పుడు యాప్ ఉండాలి, డేటా ఉండాలి. ఒకే ఫోన్ చుట్టూ కూర్చున్న మా కాలనీ ప్రేక్షకులు ఏడెనిమిది మంది. కానీ ఓటు వేసేటప్పుడు వాళ్ళంతా కలిసి ఒక్కరే.

అన్నిటికంటే ముందరి జల్లెడ

ఇదంతా తెర మీదికి వచ్చినవాళ్ళ సంగతి. తెర దాకా రానివాళ్ళ సంగతి ఆ కాలనీలోనే తెలిసింది. అవ్వ మనవరాలు పాడుతుంది. బతుకమ్మకు, నాట్లకు, చావుకు పాటెత్తే ఇల్లు వాళ్ళది. ఆ పిల్ల ఒక పోటీకి ఆడిషన్‌కు వెళ్ళింది. ఆ కార్యక్రమం పేరు ఇక్కడ అనవసరం. పొద్దుటి నుంచి నిలబడితే మధ్యాహ్నానికి రెండు నిమిషాలు దొరికాయి. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఎత్తుకుంటే, “ఫోక్ రౌండ్ తర్వాత ఉంటుంది, ఇప్పుడు ఏదైనా మెలోడీ పాడమ్మా, సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?” అని అడిగారట. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదని చెప్పి బయటికొచ్చింది. నాయనమ్మ పేరు చెప్పొచ్చని ఆ పిల్లకు తోచలేదు.

ఎవరినీ ఎవరూ కులం అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు. కర్ణాటక సంగీతం నేర్పే టీచరు, ఫీజు, ఇంట్లో హార్మోనియం, సాధనకు తీరిక ఉన్న ఇళ్ళు ఏవో మనకు తెలుసు. సంగీతం అంటే అదే అని ముందే తీర్మానించాక, మన పాట ‘ఫోక్ రౌండ్’ అవుతుంది. ఒక వారం వచ్చి పోయే చుట్టం అవుతుంది. పైగా ఆ వారం దాన్ని పాడేది కూడా ఎక్కువగా మెలోడీ పాడి లోపలికి వచ్చినవాళ్ళే.

ఈ నేల మీద ఆ తీర్మానం ఎంత విడ్డూరమో చూడండి. రాష్ట్ర గీతం ‘జయ జయహే తెలంగాణ’ రాసిన అందెశ్రీ పుట్టింది ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న రేబర్తిలో. ఆయన బడికి పోలేదు, పశువులు కాశాడు, తాపీ పని చేశాడు. పాటతో లక్షల మందిని కదిలించిన గద్దర్ పక్కనే తూప్రాన్ వాడు. మన జిల్లాలోని చేర్యాల నకాశీ పటాలు కులపురాణాలు పాడేవాళ్ళ కోసమే తయారయ్యాయి. పటం విప్పి రాత్రంతా గొంతు తగ్గకుండా కథ నడపడం, చిందు భాగోతంలో ఆడుతూ పాడటం, డప్పు దరువు మీద వేల మందికి మైకు లేకుండా వినిపించడం విద్యలు కావా? వాటికి మార్కులు వేసే గడి న్యాయనిర్ణేతల కాగితంలో ఏది?

గడి పెడితే ఏమవుతుందో కూడా చూశాం. మా టీవీలో వచ్చిన ‘రేలా రే రేలా’ పూర్తిగా జానపదం కోసం పెట్టిన పోటీ. గోరటి వెంకన్న, సుద్దాల అశోక్‌తేజ లాంటివాళ్ళు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. పల్లెల నుంచి వచ్చిన గొంతులు దాంతో ఇంటింటికీ తెలిశాయి. పిల్లలు మారలేదు, జల్లెడ మారింది.

ఏం చేయాలి?

పోటీకి వెళ్ళే పిల్లలు ముందు నియమాలు చదవండి. ఆడిషన్‌లో ఏ పాటలు అడుగుతారు, న్యాయనిర్ణేతల మార్కులెన్ని, ఓటు ఎట్లా, ఒక్కరికి ఎన్ని ఓట్లు అన్నవి తెలుసుకోండి. సిద్ధం కావడం తలవంచడం కాదు. మెలోడీ ఒకటి నేర్చుకోండి, దాని పక్కనే నాయనమ్మ పాటా ఉంచుకోండి. గురువెవరని అడిగితే ఆమె పేరు ధైర్యంగా చెప్పండి.

ఓటు కోసం అప్పు చేయకండి. ఫ్లెక్సీ కట్టిన నాయకుడు తర్వాతి వారం కనబడకపోవచ్చు.

పోటీలు నడిపేవాళ్ళను మనం అడగాల్సింది కూడా ఉంది. యూరోవిజన్ నిర్వాహకులు ఫైనల్ అయ్యాక ఏ దేశం ఎవరికి ఎన్ని పాయింట్లు ఇచ్చిందో బయటపెడతారు. మన పోటీల్లో కూడా వారం వారం ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించాలి. న్యాయనిర్ణేతల్లో జానపదం తెలిసినవాళ్ళు మొదటి ఆడిషన్ నుంచీ ఉండాలి. ఆడిషన్లు జిల్లాల్లో జరగాలి.

మొన్న సిద్దిపేట పోయినప్పుడు అవ్వను కలిశాం. కొత్త సీజన్ వస్తే మళ్ళీ చీటీలు వేద్దామా అంటే నవ్వింది. “ఉన్నోళ్ళల్ల ఎవరు పోతరో నేను చెప్త బిడ్డా. అసలు లోపలికే పోనియ్యనోళ్ళ పేర్లు ఏ చీటీల రాస్తవ్?” అంది. ఆ పేర్లు రాయడమే మా పని అనుకుంటున్నాం.