నెల తప్పిన రోజుల లెక్క



మన సరిహద్దు ఊళ్ళలో ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి ఒకటి ఈ పూట చెప్పదలచుకున్నాను. నెల తప్పిన తొలి వారాల్లో, ఆ గర్భం వద్దనుకున్నప్పుడు, ఆపరేషను లేకుండా మాత్రలతో చేసే గర్భస్రావం గురించి. పక్కన పిల్లలున్నారని రేడియో కట్టెయ్యకండి. మగవాళ్ళూ లేచి వెళ్ళకండి. మందుల షాపులో ఆ మాత్రలు కొనుక్కొచ్చేది చాలా ఇళ్ళల్లో మీరే కదా!

నేను బాగేపల్లి వైపు టీచరుగా పనిచేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకని ఊళ్ళో ఎవరికి ఆసుపత్రి పనిబడినా మాట తర్జుమా చెయ్యడానికి నన్ను వెంటబెట్టుకుపోతారు. 2024 ఏప్రిల్ 25న అలాగే ఒకామెతో వెళ్ళాను. చంటిపిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. ఇప్పుడే ఇంకొకరిని మోసే ఓపిక తనకు లేదంది. డాక్టరమ్మ ఎన్ని రోజులైందని కన్నడంలో అడిగింది. "నెల తప్పి ఇరవై రోజులైంది టీచరమ్మా" అందామె. నేను గొప్పగా "ఇప్పత్తు దిన" అని చెప్పేశాను. డాక్టరమ్మ నావైపు వింతగా చూసింది. ఇరవై రోజులకు గర్భమని తెలిసేదెట్లా?

తప్పు నాదే. మనం రావలసిన రోజు దాటినప్పటి నుంచి లెక్క పెడతాం. డాక్టర్లు ఆఖరుసారి బయట చేరిన మొదటి రోజు నుంచి లెక్క పెడతారు. రెండింటికీ దాదాపు నెల తేడా. మాత్రల విషయంలో ఈ నెల తేడాయే ప్రాణం. మన దేశంలో ఈ పద్ధతికి అనుమతి 9 వారాల దాకా, అంటే 63 రోజుల దాకా. అది డాక్టరు లెక్క. ఎవరో చెప్పిన "రెండు నెలల దాకా పరవాలేదు" అన్న మాటను పట్టుకుని, నెల తప్పిన నాటి నుంచి రెండు నెలలు లెక్కపెట్టుకుంటే, అప్పటికి మూడు నెలలు కావస్తుంది. అంత గర్భానికి ఇంటిదగ్గర మాత్ర మింగితే నెత్తురు ఎక్కువపోతుంది, సగం మిగిలిపోయే భయమూ ఎక్కువే.

మరి తారీఖు గుర్తులేకపోతే? ఆమెకూ లేదు. కానీ "శివరాత్రికి ముందు రోజు బయట చేరాను, పూజకు లేకపోయానని మా అత్త సణిగింది" అంది. ఇంకేం కావాలి! అక్కడి నుంచి ఉగాదికి 33 రోజులు, శ్రీరామనవమికి మరో 8, నవమి వెళ్ళి 8. మొత్తం 49. సరిగ్గా 7 వారాలు. డాక్టరమ్మ తన గోడ క్యాలెండరు చూసి సరేనంది. మీకూ ఒక ఉపాయం చెబుతాను. అమావాస్యకు అమావాస్యకు నడుమ 29, 30 రోజులుంటాయి. బయట చేరిన తిథి రెండుసార్లు తిరిగొచ్చి, ఆ పైన నాలుగు రోజులైతే 63 నిండినట్టే. అప్పటిదాకా ఆగమని కాదు, ఎంత ముందు వెళితే అంత తేలిక. పాల లెక్క రాసుకునే క్యాలెండరులోనే ఓ చుక్క పెట్టుకుంటే ఈ తంటా అంతా ఉండదు.

ఇక మందు సంగతి. ఇవి రెండు రకాలు. మొదటిది మిఫెప్రిస్టోన్. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పనిని ఇది ఆపుతుంది. ఒకటి రెండు రోజులాగి ఇచ్చేది మిసోప్రోస్టాల్. ఇది గర్భసంచిని ముడుచుకునేలా చేసి, లోపలున్నదాన్ని బయటికి పంపుతుంది. డాక్టరు చెప్పినట్టు వేళకు వాడితే నూటికి 95 మందికి పైగా ఆపరేషను అవసరం లేకుండానే పని పూర్తవుతుంది.

మొదటి మాత్రకు చాలామందికి ఏమీ అనిపించదు. అందుకే మందు పనిచెయ్యలేదనుకుని మళ్ళీ షాపుకు పరుగెత్తుతారు. రెండో మందు పడ్డ కొన్ని గంటల్లో పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, మామూలు ముట్టుకంటే ఎక్కువ నెత్తురు, గడ్డలు. కొందరికి వాంతులు, విరేచనాలు, చలి. ఇదంతా ఉండేదే. ఆ తర్వాత తగ్గుతూ వారం నుంచి రెండు వారాలు కనిపిస్తుంది. ఆ పూట ఇంట్లో పక్కన ఒక మనిషి ఉండాలి. పొలం పనికి పంపకూడదు. ఈ మాట అత్తలకు చెబుతున్నాను.

ఎప్పుడు భయపడాలి? పెద్ద ప్యాడ్లు గంటకు రెండు చొప్పున, వరసగా రెండు గంటలు పూర్తిగా తడిసిపోతే ఇక ఆగకూడదు. గుడ్డ వాడేవాళ్ళకు ఈ లెక్క అందదు, వాళ్ళు ఇంకా ముందే కదలాలి. మర్నాటికీ జ్వరం ఉన్నా, కంపు కొట్టినా, కళ్ళు తిరిగి పడిపోయినా అంతే. 108కు ఫోన్ చెయ్యండి. ఇంకొకటి. గర్భం సంచిలో కాక పక్క గొట్టంలో నిలిస్తే ఈ మాత్రలు దాన్ని తియ్యలేవు. గొట్టం పగిలితే ప్రాణం మీదికొస్తుంది. షాపతను పొట్ట చూసి ఇది చెప్పగలడా? డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. అయినా 2015లో మన దేశంలో జరిగిన కోటి 56 లక్షల గర్భస్రావాల్లో నూటికి 73 ఆసుపత్రుల బయట, మాత్రలతో జరిగినవేనని 2018లో ప్రచురితమైన ఒక పరిశీలన అంచనా వేసింది.

ఆసుపత్రికి ఎందుకు పోరు? నేను చెప్పినామె తోడికోడలి సంగతి వినండి. షాపు మాత్ర మింగి, నాలుగు రోజులు నెత్తురు పోతున్నా మంచం దిగలేదు. పోలీసులు పట్టుకుంటారని భయం. ఆసుపత్రి గోడమీద "నేరం" అని బోర్డు చూసిందట. ఆ బోర్డు కడుపులో ఉన్నది ఆడో మగో చూడడం గురించి, 1994 నాటి చట్టం. గర్భస్రావానికి వేరే చట్టముంది, అది 1971 నాటిది. తల్లి శరీరానికో మనసుకో హాని కలిగేటట్టున్నా, గర్భనిరోధక పద్ధతి విఫలమైనా, అనుమతి ఉన్న డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. 2021 సవరణతో ఆ చట్టంలో గర్భనిరోధకం విఫలమైన సందర్భానికి "పెళ్ళైన స్త్రీ, ఆమె భర్త" అన్న మాటలు పోయి "స్త్రీ, ఆమె భాగస్వామి" అన్న మాటలు వచ్చాయి.

పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషికి తన సంతకం ఒక్కటి చాలు. మొగుడి సంతకం చట్టం అడగదు. అయినా మేం మొదట వెళ్ళిన ఒకచోట అడిగారు, మేం లేచి ఇంకోచోటికి పోయాం. పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలు ఉంది. ఇవతల రాష్ట్రం వాళ్ళు అవతలికి పోకూడదన్న నియమమూ లేదు. చట్టం ఒకటే. బాగేపల్లి వాళ్ళు హిందూపురం వెళ్ళినా, హోసూరు వాళ్ళు కుప్పం వెళ్ళినా అడ్డులేదు. మన మాట తెలిసిన డాక్టరు దొరికితే సగం బాధ తగ్గినట్టే.

మాత్రలు మింగాక పదిహేనో రోజు తప్పకుండా మళ్ళీ చూపించుకోవాలి. ఇంట్లో మూత్రం పరీక్ష చేసుకుంటే అప్పటికీ గర్భమున్నట్టే చూపవచ్చు, దాన్ని నమ్ముకోకండి. రెండు వారాలు తిరక్కుండానే మళ్ళీ గర్భం నిలవవచ్చు గనుక, ఏ పద్ధతి వాడాలో ఆ రోజే అడగండి.

మే 9న మేం మళ్ళీ వెళ్ళాం. ఆమె గోడ క్యాలెండరు మేకుతో సహా ఊడబెరుక్కుని చంకలో పెట్టుకుని వచ్చింది. పాల లెక్క పక్కన మాత్రలు మింగిన రోజులకు గుండ్రాలు, నెత్తురు కనిపించిన రోజులకు గీతలు. డాక్టరమ్మ కన్నడంలో ఏదో అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఆమే వేలు పెట్టి చూపించింది.