తలుపు ఒక్కసారే తట్టాలి

పిల్లలూ, పదవ తరగతి ఫలితాల రోజున బైరెడ్డిపల్లెలో ఎంతోమంది ఫోను చేతపట్టుకుని కూచుంటారు. నంబరు నొక్కిన తరవాత తెర మీద చక్రం తిరుగుతూంటుంది. ఆ కాసేపట్లో ఏం జరుగుతుందో తెలుసా?

మార్కులు దాచి ఉంచిన కంప్యూటరును సర్వరు అంటారు. ముందు మీ ఫోను దానికి, "ఉన్నారా?" అని కబురంపుతుంది. "ఉన్నాను," అని జవాబు వస్తుంది. ఇది ఒక రాకపోక. తరవాత సర్వరు తన ధ్రువపత్రం చూపుతుంది. మాటలు ఇతరులు వినకుండా రెండూ కలిసి ఒక రహస్యపు తాళం ఏర్పరచుకుంటాయి. 2018 లో వచ్చిన టి.ఎల్‌.ఎస్‌. 1.3 పద్ధతిలో దీనికి మరొక రాకపోక చాలు. అసలు సంగతి అడిగి తెచ్చుకునేది మూడవ రాకపోకలోనే!

వెబ్‌ పేజీలో బొమ్మలూ, రాతలూ వేరువేరుగా వస్తాయి. ఉప్పు ఇవ్వగానే అంగడివాడు తలుపు మూసేస్తే, చింతపండు కోసం మళ్ళీ తలుపు తట్టి, మళ్ళీ పేరు చెప్పుకోవాలి గదా! తొలిరోజుల్లో వెబ్‌ సాధారణంగా ఇట్లాగే నడిచేది. 1997 లో వచ్చిన హెచ్‌.టి.టి.పి. 1.1 పద్ధతి, తెరిచిన దారిని వెంటనే మూయక, మళ్ళీ మళ్ళీ వాడుకోవటం మామూలు చేసింది.

దీనివల్ల లాభమెంతో లెక్క కట్టుదాం. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. సర్వరు 10,000 కిలోమీటర్ల దూరాన ఉంటే, ఒక రాకపోకకు సెకనులో పదోవంతు పడుతుంది. 20 బొమ్మలు ఒకదాని తరవాత ఒకటిగా, ప్రతిసారీ కొత్త దారి తెరిచి తెచ్చుకుంటే 60 రాకపోకలు, అంటే 6 సెకన్లు. ఒకే దారిని వాడుకుంటే 22 రాకపోకలు, 2.2 సెకన్లు మాత్రమే!

అయితే దారిని ఎప్పటికీ తెరిచే ఉంచరాదా? ఉంచరాదు. తెరిచిన ప్రతి దారీ సర్వరు జ్ఞాపకశక్తిలో కొంత చోటు ఆక్రమిస్తుంది. ఫలితాల రోజున లక్షలమంది వస్తారు. మాట్లాడకుండా నిలబడినవాళ్ళు దారి వదిలితేనే మిగిలినవాళ్ళకు చోటు. అందుకే అపాచీ అనే సర్వరు ప్రోగ్రాము, వేరే చెప్పకపోతే, 5 సెకన్లు మాటలేకుంటే దారి మూసేస్తుంది.

ఇక మీరు చెప్పండి: 50 బొమ్మలకైతే ఎన్ని సెకన్లు ఆదా అవుతాయి?