ఓడల రేవులో కహ్వా, లుబాన్

మస్కట్ నుంచి సముద్రం ఒడ్డునే తూర్పుకు ప్రయాణిస్తే, ఒక పక్క నీలి నీరు, మరో పక్క పచ్చగడ్డి మొలవని హజర్ కొండలు. అలా రెండు వందల కిలోమీటర్లు దాటాక సూర్ వస్తుంది. ఒమాన్‌లో దక్షిణ షర్కియా ప్రాంతానికి ఇదే ముఖ్యపట్టణం. అరబ్బు ద్వీపకల్పానికి తూర్పు కొస అయిన రాస్ అల్ హద్ ఇక్కడికి దగ్గరే. తెల్లటి ఇళ్లు, ఊళ్లోకి చొచ్చుకొచ్చిన ఉప్పుటేరు, దాని అవతలి ఒడ్డున అల్ ఐజా దీపస్తంభం. చూసేవాళ్లంతా ముందు పడవల దగ్గరికే వెళతారు. మేం మాత్రం ఊరి బజారులో కాఫీ గింజలు వేగే వాసన వెంట వెళ్లాం. ఆ వాసన ఒంటరిగా రాదు. దానితోపాటు ఏలకులు, ధూపం, ఎండుటాకులు, ఇంగువ అన్నీ కలిసి వస్తాయి.

కాఫీ, మందు దినుసులు ఒకే చూరు కింద ఎందుకు చేరాయో తెలియాలంటే మళ్లీ పడవల దగ్గరికే రావాలి. సూర్ వడ్రంగులు కట్టిన సంబూక్, గంజా అనే ఓడలు మలబారు టేకుతో తయారై, అరేబియా సముద్రమంతా తిరిగాయి. బస్రా ఖర్జూరం కాలికట్‌కు, కాలికట్ కలప, మిరియాలు గల్ఫ్‌కు, జాంజిబార్ లవంగాలు ఇటు. 18వ శతాబ్దంలో యెమెన్‌లోని మోఖా రేవు నుంచి కాఫీని బస్రాకు చేర్చే వ్యాపారంలో మస్కట్ వర్తకులదే పైచెయ్యి. ఈ తీరంలో కాఫీ గింజ మొదటినుంచీ ఓడసరుకే. లవంగం, యాలక్కాయ, అల్లం, పసుపు, బోళం ఒకే ఓడలో పక్కపక్క బస్తాల్లో దిగినప్పుడు, వాటిని అమ్మేవాడూ ఒక్కడే అయ్యాడు. వంటకు కావలసింది, ఒంటికి కావలసింది, అతిథికి పోయవలసింది అతని దగ్గరే దొరికేవి. అతన్నే అత్తార్ అంటారు. గల్ఫ్ బజార్లలో ఆ పేరుతో నడిచే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆనాటి పడవ ఎంత ఉండేదో చూడాలంటే ఉప్పుటేరు ఒడ్డున నిలబెట్టిన ఫతహ్ అల్ ఖైర్‌ను చూడొచ్చు. 1951లో ఇక్కడే కట్టిన గంజా అది. చేతులు మారి యెమెన్‌కు పోతే, ఊరివాళ్లు 1993లో తిరిగి కొని తెచ్చుకున్నారు. దాని వెనక భాగం మీది చెక్కుడు పని దగ్గర కాసేపు ఆగాల్సిందే. మరో ఓడ కథ ఇంకా గొప్పది. 1980లో టిమ్ సెవెరిన్ అనే నావికుడు ఒక్క మేకు కూడా కొట్టకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టించి, సోహార్ అనే ఓడను కట్టించింది ఈ ఊళ్లోనే. ఆ తాడును వరసగా పరిస్తే ఆరు వందల కిలోమీటర్లకు పైమాటే. అది చైనాలోని గ్వాంగ్‌ఝౌ దాకా వెళ్లింది. కాకినాడ దగ్గర కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టిన చరిత్ర తెలిసిన తెలుగువాడికి సూర్‌లో పరాయితనం అనిపించదు.

మళ్లీ బజారుకు వద్దాం. అత్తార్ గోతాల్లోకి తొంగిచూస్తే సగం మనకు చుట్టాలే. హుల్బా అంటే మన మెంతులు. హబ్బత్ సౌదా నల్లజీలకర్ర. రషాద్ అంటే ఆదిత్యాలు, ఇక్కడా బాలింతలకే పెడతారు. సనా మక్కీ అనేది సునాముఖి. ముర్ర్ మన బోళం, సబిర్ మన ముసాంబరం. సిద్ర్ ఆకు మన రేగుకు దగ్గరి బంధువైన చెట్టుది. ఎండబెట్టి దంచి, కుంకుడు రసంలా తలకు పులుముకుంటారు. ఒమాన్ కొండల్లో మునగ జాతి చెట్టు ఒకటి దానంతట అదే పెరుగుతుంది. దాని గింజల నుంచి తీసిన నూనెను పల్లెల్లో తలనొప్పికి, జ్వరానికి వాడుతూ వచ్చారు. ఇక అన్నిటికీ పెద్ద లుబాన్. దక్షిణాన ధోఫార్ ఎండలో, బోస్వెల్లియా సాక్రా అనే పొట్టి చెట్టు బెరడును గీరితే కారే పాలు గట్టిపడి ఏర్పడే బంక అది. పాలిపోయిన ఆకుపచ్చ రంగులో, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేలు కనిపించేంత తేటగా ఉన్నది మేలురకం. దాన్ని నిప్పుల మీద పొగవేయడం ఒక్కటే కాదు, రాత్రి కొన్ని ముక్కలు నీళ్లలో వేసి ఉదయం ఆ తెల్లటి నీళ్లు తాగడం కూడా ఒమానీల ఇళ్లలో మామూలే.

వీటి మధ్య కాఫీ ఏం చేస్తోంది? అదీ మందుగానే వచ్చింది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర పట్టకుండా దీన్ని కాచి తాగారు. 1511లో మక్కాలో అధికారి ఒకరు దీన్ని నిషేధించే దాకా వెళ్లారు. ఆ నిషేధం నిలవలేదు. బాబా బుడన్ ఏడు గింజలను యెమెన్ నుంచి చిక్కమగళూరు కొండలకు తెచ్చాడని మనవైపు చెప్పుకుంటారు కదా, ఆ గింజలు దాటిందీ ఈ సముద్రమే.

ఇప్పుడు వేపుడు సంగతి. మన ఫిల్టర్ కాఫీకి గింజ నల్లబడే దాకా వేపితే, ఇక్కడ అంతకు చాలా ముందే ఆపేస్తారు. లోతు తక్కువ ఇనప పెనం, కింద సన్నని మంట, చేతిలో పొడుగు గరిటె. పచ్చిగా ఉన్నప్పుడు గింజ గడ్డి వాసన వేస్తుంది. కాసేపటికి పసుపు తిరిగి, కాల్చిన రొట్టె వాసన వస్తుంది. తర్వాత లేత గోధుమరంగు. వేడి దాదాపు 195 డిగ్రీలు దాటేటప్పుడు గింజలోని ఆవిరి బయటికి తన్నుకొచ్చి చిటపటమంటుంది. కహ్వాకు, అంటే ఒమానీ కాఫీకి, అదే హెచ్చరిక. అక్కడికి కాస్త అటూ ఇటూగా దించేసి, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లారుస్తారు. ఆలస్యమైతే పెనం వేడికే గింజ మాడిపోతుంది. కిలో పచ్చి గింజలు ఇలా లేతగా వేగితే సుమారు 870 గ్రాములు మిగులుతాయి. నల్లగా వేపితే 800కు పడిపోతాయి. లేత వేపుడులో దాచుకున్న బరువంతా దంచేవాడి చేతికి తెలుస్తుంది, ఎందుకంటే ఆ గింజ ఇంకా రాయిలాగే ఉంటుంది. రాగి రోలులో రోకలి పోటు పడుతుంటే ఆ గణగణ వీధి చివరికి వినిపిస్తుంది. కాఫీ సిద్ధమవుతోందని ఇరుగుపొరుగుకు ఆ చప్పుడే పిలుపు.

కాఫీ వేపేవాడే మూలికలూ అమ్మితే అతనికి శత్రువులు రెండు. మొదటిది చెమ్మ. సూర్ గాలి ఉప్పుగాలి. పచ్చి కాఫీ గింజలో తేమ పది, పన్నెండు శాతం మించితే బూజు పడుతుంది. ఎండుటాకులకూ అదే గతి. రెండోది వాసన. పక్కన ఏది ఉంటే దాని వాసనను కాఫీ గింజ లాగేసుకుంటుంది. ఇంగువ డబ్బా పక్కన పెడితే ఆ కాఫీ పనికిరాదు. అందుకే తెలిసిన దుకాణదారు కాఫీని బోళానికి, ఇంగువకు దూరంగా పెడతాడు, యాలక్కాయలను మాత్రం దగ్గరికి రానిస్తాడు. బోళం నూరిన రోలులో కాఫీ దంచడు. ఆ చేదు ఎంత కడిగినా వదలదు. ఏ దినుసూ ముందే పొడి చేసి ఉంచడు. గింజ గింజగా, బంక బంకగా, కొమ్ము కొమ్ముగా ఉంచి, అడిగినప్పుడే దంచుతాడు. మంచి కాఫీవాడికీ మంచి మందులవాడికీ ఉండాల్సిన గుణం ఈ ఓపికే అని నాకు గట్టిగా అనిపించింది.

కాచడంలో తొందర లేదు. దంచిన పొడిని నీళ్లలో పది నిమిషాలకు పైగా మరిగించి, దించి, పొడి అడుగుకు చేరాక, ఏలకుల పొడి వేసిన దల్లా అనే కాఫీ కూజాలోకి వంపుతారు. కొందరు లవంగం, కుంకుమపువ్వు, పన్నీరు కూడా వేస్తారు. దల్లా ముక్కులో ఖర్జూరపు పీచు కుక్కితే అదే వడపోత. పాలు లేవు, చక్కెర లేదు. తీపికి పక్కన ఖర్జూరం, లేదా ఒమానీ హల్వా. ఎడమచేత్తో దల్లా పట్టుకుని, చెవి లేని చిన్న ఫింజాన్‌ను కుడిచేత్తో అందిస్తారు. వయసులో పెద్దవాళ్లకు ముందు. కప్పులో పావువంతుకు మించి పోయరు. ఒక్కటైనా తాగాలి, మూడు దాటకూడదు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. ఈ ఆచారాన్ని 2015లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఒమాన్ ఇళ్లలో పనిచేసే మన గోదావరి, కడప జిల్లాల ఆడవాళ్లలో ఈ పద్ధతిలో చేయితిరిగినవాళ్లు ఎందరో. వంటింట్లోంచి దల్లా ఏ వేళకు బయటికి రావాలో తెలిసిన ఆ చేతుల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. ఉండాలి.

మన రాష్ట్రంలోనూ ఇలాంటి జోడు కొట్టు ఒకటుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ మన్యంలో కుంకుళ్లు, కరక్కాయలు, చిల్లగింజలు, తేనె కొంటుంది. అరకు కాఫీ కూడా అదే సంస్థ కొని, పొడి చేసి అమ్ముతుంది. త్రిఫల చూర్ణం పక్కనే కాఫీ పొట్లం. అడవి నుంచి వచ్చిన సరుకు అక్కడ, సముద్రం నుంచి వచ్చిన సరుకు ఇక్కడ.

సూర్‌కు మస్కట్ నుంచి కారులో రెండు గంటలపైన. మ్వాసలాత్ సంస్థ బస్సులూ ఉన్నాయి. దారిలో బిమ్మా గుంట, వాదీ షాబ్, ప్రపంచ వారసత్వ స్థలమైన ఖల్హాత్ శిథిలాలు తగులుతాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ భరించగలం. బజారు మధ్యాహ్నం మూతపడి సాయంత్రం తెరుచుకుంటుంది. శుక్రవారం ఉదయం వెళ్లకండి. కాఫీ గింజగానే కొనండి, వేపిన రోజు అడగండి. లుబాన్ ముక్కలు పొడిపొడిగా కాక పెద్దవిగా ఉన్నవి ఏరుకోండి. సునాముఖి, ముసాంబరం, బోళం లాంటివి గర్భిణులు, రోజూ మందులు వేసుకునేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా తీసుకోకూడదు. మీ పరిస్థితి అత్తార్‌కు ముందే చెబితే వేరే దినుసు చూపించమనొచ్చు. ఎవరైనా ఫింజాన్ చేతికిస్తే కుడిచేత్తో అందుకోండి.